వీపు కాగితం

"కూర్చోండి బావగారూ" అని మూడోసారి అన్నాను. ఆయన కూర్చోలేదు.

పెద్ద పుస్తకం మా భోజనాల బల్ల మీద బోర్లా పడి ఉంది. నిన్న ఉదయం పై వీధి మందిరంలో, అంటే మా మందిరంలో, దాన్ని పీట మీదికి ఎత్తుతుంటే వెనక తోలు నిలువునా చిరిగింది. చిరిగిన చోట లోపలి వీపు కాగితం బయటపడింది. పుస్తకం వీపు గట్టిగా నిలబడడానికి తోలు లోపల అంటించే కాగితం అది. పాత కాగితం ఏదైనా పనికొస్తుంది. ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ అడగరు.

ఈ కాగితం మీద అచ్చు అక్షరాలు ఉన్నాయి. అవి మావి కావు. కింది వీధి మందిరం వాళ్ళ పుస్తకాల్లో ప్రతి పేజీ చుట్టూ సన్నటి జంట గీత ఉంటుంది. మా పుస్తకాల్లో గీత ఉండదు, వాక్యాల పక్కన అంకెలు ఉంటాయి. చదువు రాని అత్తయ్య కూడా ఆ జంట గీత చూసి మొహం తిప్పుకుంది.

"ఐదు నెలలుగా దీన్ని తలకెత్తుకుంటున్నాం" అన్నారు బావగారు. "లోపల వాళ్ళది పెట్టుకుని."

ఈ పుస్తకానికి అట్ట కట్టింది మా ఆయన. రెండు వీధుల మందిరాలకూ, బడికీ, కచేరీకీ ఆయనే బైండింగు చేసేవారు. ఆయన పోయి నెలా పది రోజులైంది. 'పోవడం' అన్న మాట తరగతిలో ఎన్నిసార్లు వస్తుందో ఇంతకు ముందు నేను గమనించలేదు. పిల్లలు పెన్సిలు పోయిందంటారు, రబ్బరు పోయిందంటారు. నేను బోర్డు వైపు తిరుగుతాను.

బావగారు ఆయనకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. మందిరం కమిటీలో ఉన్నారు. తమ్ముడి మీద ఈగ వాలనిచ్చే మనిషి కాదు. నిన్నటి నుంచి ఆయన నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. తమ్ముడి చేతులు చివరి ఆరు నెలలూ వణికాయని, సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయాడని, అలాంటివాడు ఇంత పని ఎలా చేస్తాడని నాకే వివరించారు. ఆ చేతులకు అన్నం కలిపి పెట్టింది నేను.

"ఇది మడతలవాడి పనే. వాడు కింది వీధివాడు. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు.

మడతలవాడంటే మా పనిగదిలో ఇరవై రెండేళ్ళుగా కాగితాలు మడతపెట్టే మనిషి. నన్ను వదినా అంటాడు. నేను తమ్ముడూ అంటాను. అత్తయ్యకు మాత్రం, నలభై అయిదేళ్ళు వచ్చినా, వాడు ఇంకా మడతలబ్బాయే.

బావగారు జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. నా భర్త అనారోగ్యంతో ఉన్న రోజుల్లో ఈ పుస్తకం పని మొత్తం మడతలవాడే చేశాడని, దానితో నా భర్తకు సంబంధం లేదని అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు వదిలారు. సాయంత్రం నాలుగింటికి మందిరంలో సభ. ఈ కాగితం చదువుతారు. మడతలవాణ్ణి నిలబెట్టి అడుగుతారు. ఆ తర్వాత ఏం జరిగేదీ అందరికీ తెలుసు. వాడికి ఈ వీధుల్లో పని ఉండదు. ఇల్లూ ఉండదు.

కాగితంలో రెండు అక్షర దోషాలు ఉన్నాయి. దిద్దలేదు.

"ఇంకో మాట" అన్నారు బావగారు. "పోయినసారి పుస్తకంలో చిరిగిన పేజీలు నాలుగు తీసేసి కొత్తవి కుట్టారు కదా. ఆ పాతవి నాలుగూ మాకు తిరిగి రాలేదు. అవి ఏం చేశాడో కూడా వాణ్ణే అడుగుతాం."

"వెతుకుతాను" అన్నాను.

"వెతకడానికేముందమ్మా. వాళ్ళకి మన పుస్తకమంటే ఎంత గౌరవమో ఇదిగో." ఆయన చిరిగిన తోలును వేలికొసతో పైకెత్తారు, వేడి గిన్నె మూత ఎత్తినట్టు. "ఈ గుర్తు చూశావా?"

తోలు నుంచి ఊడి తిరగబడిన వీపు కాగితం కొసన ఎర్రటి గీత ఉంది. ఒక పొట్టి గీత కిందికి, దాన్నంటి ఒక పొడుగు గీత పైకి.

"మందిరం కార్యదర్శి చెప్పారు. ఇది వాళ్ళు చెడు చేయాలనుకున్నప్పుడు పెట్టే గుర్తట."

అత్తయ్య మంచం మీద నుంచి అందుకుంది. "మా నాన్న చెప్పేవాడు. ఇష్టం లేనివాళ్ళ గడప మీద అలాంటిదే గీసి పోతారట."

"నువ్వెప్పుడైనా చూశావా అమ్మా?" అన్నారు బావగారు.

"చూస్తే ఇలా మిగులుతానా?" అంది అత్తయ్య. మళ్ళీ తనలో తను అనుకున్నట్టు చెప్పింది. "వాళ్ళు మనుషులు పోయినా ఏడవరట. కళ్ళలో నీళ్ళే ఉండవట. అలాంటివాళ్ళు గీతలు గీయరా."

నేను ఆ ఎర్ర గీత వైపే చూస్తున్నాను. ఇరవై ఆరేళ్ళుగా రోజుకు కనీసం వందసార్లు గీసిన గీత అది. లెక్క సరిగ్గా చేసిన ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లవాడికీ గీసింది.

అది నా టిక్కు.

కాగితానికి ఒక వాటం ఉంటుంది. ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది. వీపు కాగితాన్ని ఆ వాటం చూసి కోయాలి. మా ఆయనకు వేళ్ళతో తాకితే తెలిసిపోయేది. నాకు తెలిసేది కాదు. ఆయన చేతులు పనికిరాకుండా పోయాక, సాయంత్రాలు బడి నుంచి వచ్చి నేనే కోసేదాన్ని. పనిగదిలో మంచం వేసుకుని పడుకుని ఆయన "ఇటు" అని వేలు చూపించేవారు. మర్చిపోకుండా ఆ వైపు కొసన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టుకునేదాన్ని.

ఈ సంగతి చెప్పడానికి ఎంతసేపు కావాలి? నోరు తెరిచాను కూడా.

"వాడి పేరు నిలబడాలమ్మా" అన్నారు బావగారు, ఒక్కసారిగా గొంతు తగ్గించి. "నాకు ఇంకేమీ వద్దు."

పనిగదిలో పాత పేజీలు చూసి వస్తానని చెప్పి లేచాను.

* * *

పనిగది పెరట్లో ఉంది. తలుపు తీసే ఉంది. మడతల తమ్ముడు ఎప్పటిలాగే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని బడి నోటుపుస్తకాల కాగితాలు మడతపెడుతున్నాడు. మడిచిన ప్రతి కాగితం మీదా, మడత నిలిచేలా, ఎముక పలకతో ఒక్కసారి గీస్తాడు. రెండోసారి గీయడు.

"నిన్ను రావద్దన్నారట కదా" అన్నాను.

"ఎవరన్నారు? అన్న అనలేదుగా."

నేను మంచం వైపు చూశాను. దాన్ని ఇంకా ఎత్తలేదు. పరుపు మాత్రం చుట్టి పెట్టాం.

"ఆ ఎర్ర గీత చూశాను వదినా" అన్నాడు తలెత్తకుండా. "నిన్న మందిరం గుమ్మంలో నిలబెట్టి చూపించారు. మా చిన్నదాని లెక్కల పుస్తకం నిండా అవే."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మా టీచరమ్మ మార్కులేసిందనా?"

నాకు నవ్వొచ్చింది. నెలా పది రోజుల్లో మొదటిసారి. వెంటనే సిగ్గేసింది. అతను మాత్రం నవ్వలేదు. వాళ్ళావిడ తనను రోజూ ఒకటే అడుగుతోందని చెప్పాడు. మీ వదిన ఏడ్చిందా అని. పై వీధివాళ్ళు చావుకి ఏడవరని కింది వీధిలో చిన్నప్పటి నుంచీ అనుకుంటారట. నేను అత్తయ్య మాట చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

బల్ల కింద రెండు సొరుగులు ఉన్నాయి. ఎడమ దాంట్లో పాత కాగితాలు. కుడి దాంట్లో తెల్లగుడ్డలో కట్టిన ఒక మూట ఉండేది. కింది వీధి మందిరం పెద్దాయన అప్పగించినది. వాళ్ళు అరిగిపోయిన పేజీలను పారేయరు, కాల్చరు. వాటి కోసం ఒక గది కడుతున్నారు. అది పూర్తయ్యేదాకా నీ దగ్గర ఉంచు అని ఆయన మా ఆయనకు ఇచ్చారు. ఇదంతా నాకు నిన్న మధ్యాహ్నం పెద్దాయన కబురు పంపాకే తెలిసింది. వీపు కాగితం కోసిన రోజు తెలియదు.

ఆ రోజు మా ఆయన "కింది సొరుగులోంచి ఒకటి తీసుకో" అన్నారు. ఎడమో కుడో అనలేదు. నేను మూట విప్పి పైనున్న కాగితం తీశాను. ఒకవైపు ఖాళీగా ఉంది, చాలుననుకున్నాను. దుమ్ము పట్టకుండా గుడ్డలో కట్టారనుకున్నాను. రెండోవైపు ఏముందో తిప్పి చూడలేదు. ఆ సాయంత్రం నేను కాగితం వైపు చూడలేదు. ఆయన వైపు చూస్తున్నాను.

"తప్పు నాది" అన్నాను. "ఇప్పుడే వెళ్ళి బావగారికి చెబుతాను."

ఎముక పలక ఆగింది.

"అన్న చూశాడు వదినా."

నాకు అర్థం కాలేదు.

"అట్ట వేశాక, పుస్తకం ఆరాక, అన్న దాన్ని ఒళ్ళో పెట్టించుకున్నాడు. మధ్యకి తెరిచి వెలుగు వైపు పట్టి చూశాడు, ఎప్పుడూ చూసేట్టే."

పుస్తకాన్ని మధ్యకి తెరిస్తే తోలు వీపు పేజీల నుంచి విడివడి గొట్టంలా అవుతుంది. ఒక చివర కన్ను పెట్టి, రెండో చివర వెలుగు వైపు తిప్పితే లోపలి కాగితం కనిపిస్తుంది. ముడతలు ఉన్నాయేమోనని ఆయన ప్రతి పుస్తకాన్నీ అలా చూసేవారు.

"చాలాసేపు చూశాడు. తర్వాత నాకిచ్చాడు. నేనూ చూశాను. జంట గీత కనిపించింది. విప్పేద్దాం అన్నా అన్నాను. 'ఉండనీలే' అన్నాడు."

"ఎలా అన్నారు?"

"ఎలా అంటే?"

"కోపంగానా, విసుగ్గానా, నవ్వుతూనా?"

అతను గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. "దగ్గు వచ్చింది వదినా. ఆ దగ్గులోనే అన్నాడు. నాకు తెలియలేదు."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. ఇంతవరకూ నా తప్పు నా ఒక్కదానిదే అనుకున్నాను. దాన్ని ఎత్తుకుని వెళ్ళి ఎవరి ముందైనా పెట్టగలననుకున్నాను. ఇప్పుడు దాని రెండో కొస ఆయన చేతిలో ఉంది. ఆయన్ని అడగడానికి లేదు. విప్పి మళ్ళీ అతికించే ఓపిక లేకపోయిందా? నేను బాధపడతానని ఊరుకున్నారా? లేక మరేదైనా అనుకున్నారా? ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి మనసులో ఏముందో నాకు తెలియదని బల్ల మీది కాగితాలు మడత వెనక మడతగా చెబుతున్నట్టుంది.

"అదే వారం మా వీధి పుస్తకం కూడా కట్టాం గుర్తుందా" అన్నాడతను. "దానికి వీపు కాగితం అన్నే అంటించుకున్నాడు. ఆ చేతులతోనే. నన్ను మంచినీళ్ళు తెమ్మని పంపించి."

నేను ఆ మాట సరిగ్గా వినలేదు. నా తలలో 'ఉండనీలే' తిరుగుతోంది.

"సాయంత్రం నేనే చేశానని చెప్పేస్తాను" అన్నాడు. "మీరు ఆ కాగితం మీద సంతకం పెట్టేయండి. అన్న పేరు రాకూడదు."

"మీవాళ్ళు ఊరుకుంటారా?"

"మీవాళ్ళకి లోపల పెట్టినందుకు కోపం. మావాళ్ళకి కత్తితో కోసినందుకు కోపం. మడత ఎటు పడినా నా పనేగా." కాగితాల దొంతరను బల్ల మీద తట్టి అంచులు సమం చేశాడు. "పిల్లల్ని తీసుకుని మా బావమరిది వాళ్ళ ఊరు పోతాను. చిన్నదానికి టీసీ మీరే రాసివ్వాలి."

ఆ మాట మామూలుగానే అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా ముందు గదిలోంచి అత్తయ్య పిలిచింది. ఎవరో వచ్చారంది. ఎవరో చెప్పలేదు.

* * *

కింది వీధి మందిరం పెద్దాయన మా ఇంటి గడప దాటడం అదే మొదటిసారి. పనిగదికైతే ఎన్నోసార్లు వచ్చారు, పెరటి దారిన.

ఆయన చెప్పులు బయట విడిచి, గుమ్మం లోపల నిలబడి ఉన్నారు. చంకలో తెల్లగుడ్డ చుట్టిన పుస్తకం. బావగారు ఆయన్ని కూర్చోమనలేదు. తనూ కూర్చోలేదు. ఇద్దరికీ మధ్య బల్ల మీద చిరిగిన పుస్తకం ఉంది.

కూర్చోండి అని నేనన్నాను. కుర్చీ వైపు తిరిగిన ఆయనకు గూట్లో మా ఆయన కళ్ళజోడు కనిపించింది. అక్కడే ఆగిపోయారు. భుజం మీది గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఏడుస్తున్నాడే" అంది అత్తయ్య. ఆయనకు వినపడనంత మెల్లగా అన్నాననుకుంది. గది మొత్తానికీ వినిపించింది.

పెద్దాయన వచ్చిన పని చెప్పారు. తను నమ్మి అప్పగించిన మూట ఆయనకు కావాలి. అందులోంచి కోసిన ముక్క కూడా కావాలి. అది ఎంత చిన్నదైనా సరే. మీ తోలుకు అంటుకుని ఉంది కాబట్టి జాగ్రత్తగా విప్పి ఇమ్మన్నారు.

"విప్పడమంటే మా పుస్తకానికి కత్తి పెట్టడం" అన్నారు బావగారు.

"మాదానికి ముందే పెట్టారు కదండీ."

"పెట్టింది మీవాడు."

"మావాడైతే పెట్టడు. వాడికి ఆ గీత తెలుసు. చూసి చూసి కోయడు."

"కావాలనే కోశాడంటున్నాను."

ఇద్దరూ గొంతు పెంచలేదు. నా తరగతిలో పిల్లలు ఇలాగే ఒకే స్కేలును రెండు చివరలా పట్టుకుని నిలబడతారు. వదలరు, లాగరు.

మడతల తమ్ముడు నా వెనకే వచ్చి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. "నేనే…" అని మొదలుపెట్టాడు.

"ఆ గుర్తు నాది" అన్నాను.

అంత పెద్దగా అనాలనుకోలేదు. దిద్దడానికి తెచ్చుకున్న నోటుపుస్తకాలు గూట్లోంచి తీసి, పైదాన్ని తెరిచి, చిరిగిన పుస్తకం పక్కన పెట్టాను. పేజీ నిండా ఎర్ర టిక్కులు. కాగితం వాటం గురించి చెప్పాను. సొరుగు గురించి చెప్పాను. రెండోవైపు చూడకుండా కోశానని చెప్పాను. పాఠం చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి. ఆయన ఆ గొట్టంలోంచి చూసిన సంగతి మాత్రం చెప్పలేదు.

బావగారు నోటుపుస్తకం వైపు చూశారు, నా వైపు చూశారు. ఆయన మొహంలో కోపం రాలేదు, జాలి వచ్చింది.

"మంచిదానివమ్మా నువ్వు. వాడి పిల్లలు నీ దగ్గర చదువుకుంటున్నారు. అందుకని నీ మీద వేసుకుంటున్నావు. టిక్కు ఎవరైనా పెట్టగలరు."

నేను పెద్దాయన వైపు తిరిగాను. ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు.

"నాకూ నమ్మకం కలగడం లేదు టీచరమ్మా. చదువు చెప్పే మనిషి అక్షరాలున్న కాగితాన్ని చూడకుండా కోస్తుందా? మీ ఇంటివాళ్ళు ఎవరినో కాపాడుకుంటున్నారు. ఎవరినో నేను అడగను."

"అదే నేనూ అంటున్నాను" అన్నారు బావగారు.

అని ఉలిక్కిపడ్డారు. ఈ గదిలో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఆ మాట నేను అబద్ధం చెబుతున్నానన్నది.

నిజం చెప్పాను. చెప్పినట్టు కాలేదు. గోడ గడియారం పన్నెండు దాటింది.

పెద్దాయన మెత్తబడ్డారు. చంకలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టి గుడ్డ విప్పారు. నల్లటి తోలు, మా ఆయన చేతి కుట్టు. దాన్ని చూడగానే ఆ వారం మొత్తం నా కళ్ళ ముందుకొచ్చింది.

"మా కుర్రవాళ్ళు దీని అట్ట ఊడదీయించమంటున్నారు. పై వీధి ఇంట్లో కట్టిన అట్ట మనకొద్దంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఐదు నెలలుగా రోజూ తెరుస్తున్నాం, ఒక్క దారం కదల్లేదు." ఆయన బావగారి వైపు తిరిగారు. "మీ తమ్ముడు ఎలాంటివాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన చేసిన దాంట్లో కల్మషం ఉండదు. ఈ పుస్తకం సాయంత్రం మీ సభలో పెట్టుకోండి. నేనే వచ్చి చెబుతాను."

బావగారు ఆ నల్లటి తోలు వైపు చూశారు. తమ్ముణ్ణి మెచ్చుకునే మాట ఆ వైపు నుంచి వస్తుందని ఆయన అనుకోలేదు.

"చూడండమ్మా" అని పెద్దాయన పుస్తకం నా చేతికిచ్చారు.

బరువుగా ఉంది. ఆలోచించకుండానే, మా ఆయన ఎప్పుడూ చూసేట్టే, మధ్యకి తెరిచాను. వీపు గొట్టంలా విడివడింది. కిటికీ వైపు తిరిగి ఒక చివర కన్ను పెట్టాను.

లోపల కాగితం ముడత లేకుండా ఉంది. జంట గీత లేదు. అచ్చు వాక్యాల పక్కన అంకెలు ఉన్నాయి, మా పుస్తకంలో ఉన్నట్టు. కోతలో సగం తెగిన ఒక వాక్యం చదవగలిగాను. అత్తయ్య రోజూ పొద్దున లేవగానే గొణుక్కునే వాక్యం అది.

కొసన ఒక గుర్తు. పొట్టి గీత కిందికి, పొడుగు గీత పైకి. ఎర్రది కాదు, మామూలు పెన్సిలు. గీత పొడుగునా వణికింది.

అది నేను పెట్టింది కాదు.

"ఎలా ఉంది పని?" అన్నారు పెద్దాయన, జవాబు ముందే తెలిసినవాడిలా.

"ఏముందమ్మా లోపల?" అన్నారు బావగారు.

గుమ్మంలో మడతల తమ్ముడు నా చేతిలోని పుస్తకం వైపే చూస్తున్నాడు. మంచినీళ్ళ సంగతి అతనికి ఇప్పుడే అర్థమైందనుకుంటాను.

అత్తయ్య మంచం దిగిన చప్పుడైంది. గోడ పట్టుకుని నా పక్కకి వచ్చి నిలబడింది. "ఏమిటే అంతసేపు చూస్తావు? వాడు ఏమైనా రాశాడా?"

చూసింది చూసినట్టు చెప్పండి అని ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. పుస్తకం దించితే చెప్పాలి.

నేను దించలేదు.